గంగులయ్య ఎవరి తాత

పోయిన వారం రామాంజనేయుల్ని మనం కువైట్ ఫింటాస్‌లో ఆయన ఇంటి హాల్లో, ప్లాస్టిక్ స్టూలు మీద, పళ్ళ మధ్య సెల్లో టేపు ముక్కతో వదిలేసి వచ్చాం. కాలింగ్ బెల్ మోగింది కదా, అప్పట్నించీ ఆయన అలాగే ఉన్నాడు. దిగితే ఫ్లెక్సీ ఊడిపోతుంది. దిగకపోతే అమెరికా మేడమ్ తలుపు బయటే నిలబడుతుంది.

ఇల్లు గుర్తుందిగా. సీ వ్యూ ఫ్లాటు. బాత్రూమ్ టబ్బు అంచు మీద నిలబడి, వెంటిలేటర్‌లోంచి మెడ ఎడమకు తిప్పితే సముద్రం కనిపిస్తుంది. ఇంటాయన ఒక కంపెనీలో అకౌంటెంటు. భార్య అరుణజ్యోతి. కూతురు వెంకటేశ్వరి అమెరికన్ సిలబస్ స్కూల్లో ఎనిమిదో క్లాసు. బానిసత్వమూ, పడమటికి పడమటికి జరుపుకుంటూ పోయిన సరిహద్దూ కలిసి అమెరికాను ఎలాంటి దేశంగా తయారుచేశాయి అన్నది వాళ్ళ హిస్టరీ పాఠం. పాఠం అయ్యాక లొరెట్టా మేడమ్ పిల్లలకు ఒక పని పెట్టింది. "మీ కుటుంబం కొత్తచోటికి పోయి నిలదొక్కుకున్న కథ చెప్పండి." దాని కింద ఇంకో వాక్యం కూడా ఉంది. రామాంజనేయులు మొదటి వాక్యంతో ఆపేశాడు. ఆఫీసులో ఆడిట్ రిపోర్టులు కూడా ఆయన అలాగే చదువుతాడు. ఇంతవరకూ ఉద్యోగం పోలేదు.

ఆదివారం స్కూల్లో స్టేజీ మీద పిల్ల మాట్లాడాలి. పిల్లది ప్రాజెక్టు, తండ్రిది ఫ్లెక్సీ. అబ్బాసియాలో అచ్చు వేయించాడు. మధ్యలో ముత్తాత గంగులయ్య. ఫోటో లేదు కాబట్టి కంప్యూటరు చేత గీయించాడు. తెల్లగుడ్డ కప్పిన అమెరికా బండి మీద తలపాగా, కోరమీసాలు, చేతిలో గొడ్డలి. కంప్యూటరు ధారాళంగా ఆ చేతికి ఆరు వేళ్ళు పెట్టింది. రాయచోటి దగ్గర తమ ఊరి పక్కన ఉన్న గంగులయ్య మిట్టను అడవి కొట్టి సాగులోకి తెచ్చిన మహానుభావుడు అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు. కింద గుండ్రాల్లో రామాంజనేయులు, అరుణజ్యోతి, వెంకటేశ్వరి నమస్కారం పెడుతున్నారు. ఎన్నికల్లో ఎవరో గెలిచినట్టుంది.

మేడమ్‌ను శుక్రవారం భోజనానికి పిలిచారు. వచ్చింది మేడమ్ కాదు, భోజనం.

అరుణజ్యోతి తలుపు తీసి "వెల్‌కమ్ మేడ..." దాకా వెళ్ళి, ఎదురుగా ఓబులేసును చూసి మిగతా ఇంగ్లీషు లోపలికి లాక్కుంది.

"నువ్వా ఓబులేసన్నా. సామాన్ల లిఫ్టులో రాలేకపోతివా, గెస్టులొచ్చే టైమ్ గదా."

"ఈ బిల్డింగుకు ఉండేది ఒగటే లిఫ్టు మ్మా."

"అవుననుకో. ఐనా."

ఓబులేసుకు మహబూలాలో మెస్సు ఉంది. ఒక్కో గదిలో పదిమంది సర్దుకుని ఉండే మన కడప, అన్నమయ్య జిల్లాల కుర్రాళ్ళకు ఆయన సంగటే ఊరు. అంతకుముందు ఎడారిలో కఫీల్, అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, గొర్రెలు కాశాడు. తన గురించి తక్కువ చేసి చెప్పుకునే అలవాటు ఆయనకు లేదు. ఆ పని మానేసి వచ్చిన రోజు కఫీల్ ఏడ్చాడని చెప్తాడు. వినేవాడు మెత్తనివాడైతే గొర్రెలు కూడా ఏడుస్తాయి.

హాట్‌కేసులు బల్ల మీద దించి ఓబులేసు ఫ్లెక్సీ వైపు చూశాడు.

"ఎవరన్నా ఈయన?"

"మా ముత్తాతప్పా," అన్నాడు రామాంజనేయులు, స్టూలు దిగకుండానే, పళ్ళ సందునించి. "గంగులయ్య. మా మిట్టకు పేరు ఈయందే."

"మీది రాయచోటి పక్కనని తెలుసు గానీ, ఊరు ఆ ఊరని తెలీదే నాకు. గంగులయ్య మిట్ట మీదా?"

"మాదే. ముత్తాత కాడ్నించీ."

ఓబులేసు భుజం మీది తువ్వాలు తీసి చేతులు తుడుచుకున్నాడు. చేతులు తడిగా లేవు.

"ఒగ మాట చెప్పన్నా. గంగులయ్య నీకు ముత్తాతైతే, మా నాయన ఎవరి కొడుకు?"

దీనికి సమాధానం చెప్పాలంటే మాత్రం నోట్లోంచి టేపు తియ్యాలి. తీసేలోగా బెల్ మళ్ళీ మోగింది.

లొరెట్టా మేడమ్ నల్లటి, పొడుగాటి, నవ్వుమొహం మనిషి. చిలగడదుంపలతో చేసిన అమెరికా తీపి వంటకం ఒకటి గిన్నెలో పెట్టుకుని తెచ్చింది. అరుణజ్యోతి దాన్ని రెండు చేతులా అందుకుని, చిలగడదుంపలు తమ ఇంట్లో ఎప్పుడూ తినరన్నట్టు "వాట్ ఈజ్ దిస్ మేడమ్" అని అడిగింది. పొద్దున ఉప్పేసి ఉడకబెట్టిన చిలగడదుంపల తొక్కలు వంటింటి చెత్తబుట్టలో ఇంకా తడిగానే ఉన్నాయి.

బల్ల మీద మంచి డిన్నర్ సెట్టు పెట్టారు. పెళ్ళికి వచ్చిన ఆ సెట్టు ఇంతవరకూ ఎవరి స్థాయికీ సరిపోలేదు. స్టీలు పళ్ళాలన్నీ మంచం కింద తలదాచుకున్నాయి. సంగటి తినడానికి ఫోర్కులు పెట్టారు. విజిట్ వీసా మీద వచ్చిన రెడ్డెమ్మ, అంటే రామాంజనేయులు తల్లి, సోఫా అంచున కూర్చుని ఉంది. హలో అనమనీ, ఆ తర్వాత నవ్వుతూ ఉండమనీ కొడుకు చెప్పి ఉన్నాడు. ఆవిడ హలో అనేసి, తన వంతు అయిపోయింది కాబట్టి పళ్ళెం ముందుకు జరుపుకుంది.

మేడమ్ ఫ్లెక్సీని చాలాసేపు చూసింది. "ఈ బండి మా దేశపుది కదా?"

"సింబాలిక్ మేడమ్," అన్నాడు రామాంజనేయులు.

"ఆరు వేళ్ళు కూడానా?"

"అవి కష్టజీవి వేళ్ళు మేడమ్."

ఓబులేసు నోరు మూసుకుని వడ్డిస్తున్నాడు. ఆయన నోరు మూసుకుంటే మెస్సులో కుర్రాళ్ళు జ్వరమేమో అనుకుంటారు. రాగి సంగటి ముద్దలు పెట్టాడు, పొగలు వస్తున్నాయి. అలసందల కూర వేశాడు. బెండకాయ పులుసు పోశాడు. మేడమ్ ఫోర్కు ముట్టుకోలేదు. అలసందల్ని వేలితో కొంచెం కదిపి చూసి, నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుంది.

అరుణజ్యోతి నీళ్ళ గ్లాసు ముందుకు తోసింది. "కారమా మేడమ్? పిజ్జా కూడా చెప్పినాం."

"మా అమ్మమ్మ వంటిల్లు," అంది మేడమ్, కళ్ళు తెరవకుండా.

ఇక్కణ్ణించి ఆవిడ ఇంగ్లీషులో చెప్పడం, వెంకటేశ్వరి రెడ్డెమ్మకు తెలుగులో చెప్పడం. ఆ పిల్ల నాయనమ్మను జేజి అంటుంది. స్కూల్లో స్నేహితులకు గ్రానీ అని చెప్తుందిగానీ, ఆ పేరుకు ఈవిడ పలకదు.

"ఇవే అలసందలు జేజీ వాళ్ళింట్లో. ఇదే బెండకాయ. ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలతో పాటే ఈ గింజలు కూడా వచ్చినాయంట. ఇప్పుడు వాళ్ళ దక్షిణం వైపు న్యూ ఇయర్ రోజు తెల్లోళ్ళూ నల్లోళ్ళూ అందరూ అలసందలు తింటారంట, లక్ వస్తుందని."

"ఎవరికి?" అంది రెడ్డెమ్మ.

"అందరికీనంట."

"గింజలు తెచ్చినోళ్ళకు రాల్యా?"

వెంకటేశ్వరి దీన్ని తర్జుమా చేసింది. మేడమ్ కళ్ళు తెరిచి, మొదటిసారి రెడ్డెమ్మ వైపు తిరిగి కూర్చుంది.

అమ్మమ్మకు అమ్మమ్మ పుట్టింది వర్జీనియాలోనట. అక్కడ పొగాకు వేసీ వేసీ నేలను పిప్పి చేశారు. అంతలో పడమటి వైపు, మిసిసిపీ నేలల్లో పత్తికి గిరాకీ వచ్చింది. దొరలు అటు పోవాలి, అడవి కొట్టాలి, కొట్టడానికి చేతులు కావాలి. పిల్లగా ఉండగానే ఆవిణ్ణి తల్లి దగ్గర్నించి అమ్మేశారు. మగవాళ్ళను గొలుసులతో కలిపి కట్టి, వెనక ఆడవాళ్ళనూ పిల్లల్నీ నడిపించుకుంటూ వారాల తరబడి తీసుకుపోయారు.

"మీ ఫ్లెక్సీలో బండి ఉంది చూడండి," అంది మేడమ్, "అలాంటి బండి ముందు పోయింది. అందులో దొరసాని కూర్చుంది. మా పెద్దావిడ నడిచింది. ఇప్పుడు మా దేశంలో ఏ మ్యూజియంకి పోయినా బండి ఉంటుంది. ధైర్యంగా పడమటికి పోయి, చెట్లు కొట్టి, ఒళ్ళు వంచి బాగుపడ్డాం అని చెప్పుకుంటారు. బళ్ళో పిల్లలకు అదే నేర్పుతారు, ఎన్నికల్లో అదే మాట్లాడతారు. ఒళ్ళు ఎవరిది వంగిందో చెప్పరు."

"అంత దూరం నడిచినప్పుడు ఏం తిన్యారంట?" అంది రెడ్డెమ్మ.

"మొక్కజొన్న పిండి ఉడకేసి ముద్దచేసి పెట్టేవాళ్ళంట జేజీ."

"అంటే సంగటే."

మేడమ్ ముత్తాత టెక్సస్‌లో పశువుల మందలు తోలాడన్న దగ్గర రామాంజనేయులుకు కాస్త తెలిసిన విషయం దొరికింది. "కౌబాయ్ కదా మేడమ్. కానీ కౌబాయ్‌లు తెల్లవాళ్ళు కదా. సినిమాల్లో."

"సినిమాలు తీసింది వాళ్ళు కదా."

ఓబులేసు ఇక ఆగలేకపోయాడు. "పశువులు కాసినాడంటే నా మాదిర్నే. అడుగు పాపా, ఆయన వదిలేసి పోతాంటే పశువులు ఏడ్చినాయా అని."

వెంకటేశ్వరి అడిగింది. మేడమ్ ఆలోచించి, "మా ఇంట్లో చెప్పేదాన్ని బట్టి గుర్రం ఏడ్చింది," అంది.

"సూడు," అన్నాడు ఓబులేసు, ఇంటిల్లిపాదినీ చూస్తూ. ఇన్నేళ్ళలో ఆయన మాటకు దొరికిన మొదటి సాక్ష్యం అది.

ఇదే మంచి సమయం అనుకున్నాడు రామాంజనేయులు. అందరూ ముత్తాతల గురించి మాట్లాడుతున్నారు, తన ముత్తాత గోడ మీద సిద్ధంగా ఉన్నాడు. లేచి నిలబడి, ఆదివారం కూతురు చెప్పబోయే ప్రసంగంలోంచి ఒక ముక్క వినిపించాడు. ఆ మిట్ట అంతా కంపచెట్లు, తుమ్మలు, రాళ్ళట. గంగులయ్య ఒంటరిగా గొడ్డలి పట్టుకుని పోయాడట. ఎవరి సాయమూ లేదట.

"లేదులే," అన్నాడు ఓబులేసు పులుసు పోస్తూ. "మీరెవరూ పోలేదు గదా సాయానికి."

"ఓబులేసూ, నువ్వు ఊరుకో కాసేపు."

"ఊరుకుంటా. మా తాతను నాకు ఇచ్చెయ్యన్నా, ఊరుకుంటా."

"ఏమి మాట్లాడతాండావు నువ్వు? గంగులయ్య మా తాతలనాటి..."

"గంగులయ్య మనోడు కాదు గదరా నాయనా," అంది రెడ్డెమ్మ, సంగటి ముద్దకు గుంట చేసి పులుసు పోసుకుంటూ. "మనింట్లో జీతమున్న్యాడు."

ఏసీ చప్పుడు వినిపించింది. కొన్నప్పట్నించీ ఆ చప్పుడు ఉంది. ఇంత స్పష్టంగా వినడం ఇదే మొదలు.

రామాంజనేయులు అబద్ధం చెప్పాడని మీరు అనుకుంటే అన్యాయం. ఆయన అబద్ధాలు చెప్పడు, లెక్కలు వేస్తాడు. గంగులయ్య మిట్ట మనదిరా అని తండ్రి చెప్పాడు. మిట్ట మనదైతే గంగులయ్య కూడా మనవాడే అయ్యుండాలి. ఎవరైనా అంతే అనుకుంటారు. ఆస్తి వచ్చినప్పుడు పూర్వీకుడు విడిగా వస్తాడా.

"ఏమంటోంది మీ నాయనమ్మ?" అంది మేడమ్.

వెంకటేశ్వరి తండ్రి మొహం చూసింది. తర్వాత ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది. జీతం ఉండటం అంటే ఏమిటో ఆ పిల్లకు ఇంగ్లీషులో దొరకలేదు, తెలుగులో కూడా అప్పుడే విన్నది. నెల జీతమా అని జేజిని అడిగితే, కాదు, ఏడాదికి ఇన్ని బస్తాలు, ఒక గొంగళి, అప్పుంటే అదీ లేదు, అంది ఆవిడ. పిల్ల అది చెప్పింది. మేడమ్ ఆశ్చర్యపోలేదు. గ్లాసు పక్కకు జరిపింది.

"నా ఇంటిపేరు ఉంది కదా," అంది, "అది మమ్మల్ని కొనుక్కున్నవాడిది. మిసిసిపీలో వాడి పేరున ఒక ఊరు కూడా ఉంది. అక్కడికి పోతే నన్ను చూసి, మీరు ఆ కుటుంబమా అని అడుగుతారు. అవునంటే అబద్ధం, కాదంటే అబద్ధం. మీ దగ్గర తిరగబడింది. పనివాడి పేరే నేలకు నిలిచింది, నేల మాత్రం మీకు వచ్చింది."

"అదేందంటే," అంది రెడ్డెమ్మ, పిల్ల చెప్పింది విని, "ఆ మిట్ట మీదికి ఇంగెవరూ పోకపాయిరి. పాములు. గంగులయ్య యాడుండాడంటే మిట్ట మీద. మందెక్కడంటే గంగులయ్య మిట్ట. అట్ల అని అని పేరాయ."

ఆ తర్వాత ఆవిడ ఎవరూ అడగకుండానే చెప్పడం మొదలుపెట్టింది. నవ్వుతూ ఉండమని కొడుకు చెప్పిన విషయం ఇప్పుడు ఆవిడకు గుర్తులేదు, కానీ నవ్వుతూనే ఉంది.

కొత్త కోడలిగా వచ్చిన ఏడాది. ఇల్లు కొత్త, అత్త కొత్త, మొగుడు అందరికన్నా కొత్త. ఏడుపు వస్తే పెరట్లోకి పోయేది. గంగులయ్య అప్పటికే ముసలాయన. ఎండాకాలం మిట్ట మీద కంప కాలుస్తుంటే ఆ పొగ వాసన ఊళ్ళోకి దిగేది. ఆ పొగతో పాటు ఆయన పాట కూడా దిగేది. ఏం పాటో, ఒక ముక్క అర్థమయ్యేది కాదు, ఎద్దుకు చెప్తున్నాడో దేవుడికి చెప్తున్నాడో. సాయంత్రం వస్తూ వస్తూ తువ్వాల్లో అలసందకాయలు, ముళ్ళపొదల కలేపండ్లు మూటగట్టుకుని తెచ్చి, "చిన్నమ్మా, నీ కోసరం" అని గోడ మీద పెట్టి పొయ్యేవాడు. చేతికి ఇచ్చేవాడు కాదు, గోడ మీద పెట్టేవాడు.

"ఆ కలేపండ్లు తింటే నాలిక నల్లగయ్యేది. మా అత్త పట్టుకొనేది. నాలిక జూపియ్యమనేది." రెడ్డెమ్మ నాలుక కొంచెం బయటపెట్టి చూపించింది. డిన్నర్ సెట్టు వాడిన మొదటి రోజే ఇదంతా జరుగుతోంది అని అరుణజ్యోతి మనసులో అనుకుంది.

"కంప కాల్చిన వాసన," అన్నాడు ఓబులేసు. "మావోళ్ళు కోడూరు పక్కకు వచ్చేసినాక పుట్టినా నేను. అయినా ఆ వాసన నాకు తెలుసు. మా తాత గొంగట్లో వుండె. సచ్చిపోయినాంక గూడ ఆ గొంగడి ఉతకనియ్యలేదు మా నాయన. ఈడ ఎడారిలో సలికి మంటేస్తే ఆ వాసన వస్తాదేమోనని సూస్తాంటి. రాదు. ఈడ కట్టె వేరే."

రామాంజనేయులుకు కూడా ఏదో గుర్తొచ్చింది. చిన్నప్పుడు తండ్రి సైకిలు మీద ఆ మిట్ట మీదికి పోయేవాడు. పైన ఒక బండరాయి, దాని మీద నిలబడితే ఊరంతా అరచేతిలో పెట్టుకున్నట్టుండేది. ఇంతా నాదే అనుకునేవాడు. కువైట్ వచ్చిన కొత్తలో, నిద్రపట్టకపోతే ఆ బండ మీద నిలబడేవాడు మనసులో. ఇప్పుడు నిలబడి చూస్తే ఇంకెవరో అక్కడ ముందే కూర్చుని ఉన్నట్టుంది.

ఓబులేసు మెల్లగా మళ్ళీ ఓబులేసు అయ్యాడు. ఛాతీ కొంచెం పొంగింది. "అంటే మేడమ్ ముందరే తేలిపాయ. ఆ మిట్ట మా తాతది. ఆ నేలను మొదట తొక్కిందే మావోడు. దానికి ముందు ఆడ మనిషనేటోడు..."

"యానాదోళ్ళు వుండిరి," అంది రెడ్డెమ్మ.

"ఎవరు?"

"యానాదోళ్ళప్పా. మిట్ట మీద గుడిసెలు ఏసుకోని. ఎలకల్ని పట్టుకోని, తేనె తీసుకోని బతుకుతాండిరంట. మా మామ పొమ్మంటే మీ తాత పోయి గుడిసెలు పీకినాడు. ఆయనే చెప్తాండె నాకు. చెప్పి కొంచేపు పాట పాడకుండా వుండె."

ఓబులేసు ఛాతీ ఉన్నచోటికి వచ్చింది.

మేడమ్ నవ్వింది, సంతోషపు నవ్వు కాదు. తన ముత్తాత సంగతి చివరిదాకా చెప్పలేదు, అంది. పశువుల పని అయ్యాక ఒక్లహామాలో నేల పంచుతున్నారంటే పరిగెత్తాడు. జన్మలో మొదటిసారి సొంత నేల. ఆ నేల మీద వాన పడితే వచ్చే వాసన గురించి అమ్మమ్మ వరండాలో కూర్చుని చెప్పేది, చెప్తూ చెప్తూ బెండకాయలు కోసేది. అది అక్కడి తెగల్ని తోసేసి సర్కారు ఖాళీ చేయించిన నేల. అది మాత్రం అమ్మమ్మ చెప్పలేదు. తను పెద్దయ్యాక చదువుకుని తెలుసుకుంది. అమ్మమ్మ మీద ప్రేమ తగ్గలేదు. వరండా మాత్రం మునుపటిలా గుర్తుకు రావడం మానేసింది.

"రెండో ప్రశ్న అదే కదా మేడమ్," అంది వెంకటేశ్వరి. తండ్రి వైపు చూడకుండా తెలుగులో మళ్ళీ చెప్పింది. "ప్రాజెక్టులో రెండో లైను. మీ కథలో ఎవరిని చెప్పకుండా వదిలేశారో కూడా చెప్పండి, అని."

"రెండో లైను ఉందా?" అన్నాడు రామాంజనేయులు.

"మార్కులన్నీ దానికే నాన్నా."

ఇది ఆయనకు తగలాల్సిన చోట తగిలింది. బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఓబులేసు పక్కన నిలబడ్డాడు. గొంతు తగ్గించాడు. ఆ హాల్లో గొంతు తగ్గిస్తే పక్క ఫ్లాటు వాళ్ళకు వినపడదు, అంతకుమించి లాభం లేదు.

"ఓబులేసూ, అయ్యిందేదో అయ్యింది. ఆదివారం మన తెలుగు సంఘమోళ్ళంతా వస్తాండారు. నేనే పిలిచినా. ఇప్పుడు ముత్తాత లేడంటే నా మొహం యాడ పెట్టుకోవల్ల? ఇట్ల చేస్తాం. పాప ప్రసంగంలో మీ తాతకు థాంక్స్ చెప్తాది. ఫ్లెక్సీలో కింద ఇంగో గుండ్రం కొట్టిస్తా. నీ ఫోటో. సూటు ఏసుకోని దిగు."

ఓబులేసు ఫ్లెక్సీ కింద ఉన్న గుండ్రాల్ని చూశాడు. ఇంకొకటి పట్టే చోటు ఉంది కూడా.

"నా ఫోటో వద్దన్నా."

"మరి పేరు మారుస్తాం. మా నమ్మకమైన గంగులయ్య అని..."

"పేరు గూడ వద్దు." తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు. ఈసారి ఆయన మాటల్లో ఏ గొర్రే ఏడవలేదు. "మా తాత అడివి కొట్టినాడని చెప్పినా సరే, చెప్పకపోయినా సరే. గుడిసెలు పీకినాడని గూడ చెప్పుకోండి, నిజమైతే. ఒగటే అడుగుతా. ఆయప్ప మీ ఇంట్లో యాడ కూచోని తిన్యాడో, ఎట్ల తిన్యాడో, అది చెప్పల్ల పాప. స్టేజీ మీద. మీ సంఘమోళ్ళందరి ముందర. అది చెప్తే ఆయన్ను ఉంచుకోండి, మీ ఇంట్లో మనిషే అనుకోండి. చెప్పలేమంటే ఆ బొమ్మ పీకెయ్యండి. మా తాతను ఊరికే ఇయ్యను."

"అవన్నీ ఇప్పుడెందుకప్పా? ఆ కాలం అట్లాంటిది. అందరిళ్ళల్లో అంతే."

"అందుకే అంటాండా. అందరూ వస్తాండారు గదా."

అరుణజ్యోతి లేచి పిజ్జా పెట్టె తెరిచింది. ఇలాంటప్పుడు ఏదో ఒకటి తెరవాలి.

"ఎక్కడ తినేవారు?" అంది వెంకటేశ్వరి.

తండ్రి ఫోను తీసి, రాని మెసేజీ చదవడం మొదలుపెట్టాడు.

"జేజీ, ఎక్కడ తినేవారు ఆయన? వంటింట్లోనా?" పిల్ల నిజంగానే అడుగుతోంది. పుట్టింది కువైట్‌లో, ఫర్వానియా ఆస్పత్రిలో. ఊరంటే ఆ పిల్లకు ఏసీ కారు అద్దంలోంచి కనిపించే చెట్లు. "చెప్పు జేజీ. ఆదివారం నేను అక్కడ నిలబడి ఏం చెప్పాలి? నాన్న రాసింది చెప్పాలా?"

రెడ్డెమ్మ డిన్నర్ సెట్టు పళ్ళెం చేతిలోకి తీసుకుని, మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. బల్ల దాటింది. ఫ్లెక్సీ దాటింది. చెప్పుల స్టాండు దాటింది.

"యాడికిమా?" అన్నాడు రామాంజనేయులు.

ఆవిడ తలుపు తీసింది. ఏసీ చల్లదనం కారిడార్‌లోకి పోయింది, కారిడార్‌లో వేడి లోపలికి వచ్చింది. గడపకు చేతికందే దూరంలో, లిఫ్టు పక్కన, చెత్త డబ్బా పెట్టే మూలలో గోడకు ఆనుకుని నేల మీద చతికిలపడింది.

"ఈడ," అంది. "ఆ తలుపు పెరటి గడప అనుకో పాపా. ఇది కొట్టం. ఆ డబ్బా ఉండేకాడ ఎద్దు. గంగులయ్య ఈడ కూచునేటోడు. వాన పడినా ఈడనే."

వెంకటేశ్వరి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. లొరెట్టా మేడమ్ కూడా వెళ్ళి, పొడుగు కాళ్ళు మడుచుకోలేక గోడకు ఆనుకుని నిలబడింది. అరుణజ్యోతి తలుపు దగ్గరికి వచ్చి, ఎదురు ఫ్లాటు వాళ్ళ తలుపుకున్న గాజు కన్ను వైపు చూసి, పైట సర్దుకుని నవ్వింది, అవతల ఎవరైనా ఉంటే వాళ్ళ కోసం. రామాంజనేయులు ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట పెట్టి ఆగిపోయాడు.

"నేను గడపలో నిలబడి ఏస్తాంటి," అంది రెడ్డెమ్మ. "వంగగూడదు. వంగితే తగుల్తాదని మా అత్త నేర్పించింది. అందుకని పైనుంచి జారవిడుస్తాంటి. ఆయన రెండు చేతులూ పట్టేటోడు. సంగటి కుతకుతా వుడుకుతాండేది. ఒగనాడన్నా అబ్బా అనలేదు. కాల్తాదా గంగులయ్యా అని నేనూ అడగలేదు. కలేపండ్లు మాత్రం తింటి."

పళ్ళెం పక్కన పెట్టేసింది.

"ఓబులేసూ."

"అవ్వా."

"ఆ హాట్‌కేసు పట్టుకోని గడప కాడికి రా నాయనా. దాంట్లో వేడి ముద్ద వుండాదా?"

"వుండాదవ్వా. కాల్తాండాది."

"కాలల్ల. ఆ గడపలో నిలబడు. వంగొద్దు. నేను ఎట్ల ఏస్తాంటినో ఈ పాప కండ్లతో చూడల్ల. చూసినాంక ఆదివారం ఏం చెప్తాదో ఆయమ్మ ఇష్టం."

"జేజీ, చెయ్యి కాలిపోతుంది. వద్దు."

"మా, లెయ్యి," అన్నాడు రామాంజనేయులు. "ఓబులేసూ, ఒద్దప్పా. పెద్దామె."

రెడ్డెమ్మ ఎవరి మాటా వినలేదు. రెండు చేతులూ దోసిలి పట్టి పైకెత్తింది.

ఓబులేసు గడపలోకి వచ్చి నిలబడ్డాడు, రామాంజనేయులు పక్కనే, భుజం తగులుతూ. హాట్‌కేసు మూత తీశాడు. ఆవిరి ఆయన మొహాన్ని కాసేపు కప్పేసింది. గరిటెతో ముద్ద ఎత్తాడు. చెయ్యి చాచాడు. కింద దోసిలి, పైన ముద్ద.

నడుము వంచాలో వద్దో ఆయన ఇంకా తేల్చుకోలేదు. ముద్ద గరిటె అంచుకు జారుతోంది.